చెత్త బ్యాక్‌లింకులు, పడిపోయిన ర్యాంకు: బెంగళూరులో మన వ్యాపారులు తరచుగా అడిగే ప్రశ్నలు

మారతహళ్లి, కె.ఆర్.పురం, బీటీఎం లేఔట్, ఎలక్ట్రానిక్ సిటీ వైపు పీజీ హాస్టళ్లు, ఆంధ్రా మెస్సులు, ఆన్‌లైన్ పచ్చళ్ల షాపులు, కోచింగ్ సెంటర్లు, ప్యాకర్స్ అండ్ మూవర్స్ నడిపే మనవాళ్ల వెబ్‌సైట్లు చూసుకోవడం నా పని. "గూగుల్లో వెనక్కి పోయాం, ఎవరో చెత్త లింకులు పెట్టారట" అంటూ వచ్చే ఫోన్లలో ఇంచుమించు ఇవే ప్రశ్నలు ఉంటాయి. భయంతో ఎవరికో డబ్బు కట్టేయకముందే ఒకసారి చదువుకుంటారని జవాబులన్నీ ఒకచోట రాశాను.

అసలు బ్యాక్‌లింక్ అంటే ఏమిటి? దానికి ర్యాంకుతో ఏం సంబంధం?

వేరేవాళ్ల సైటు నుంచి మీ సైటుకు ఉన్న లింకే బ్యాక్‌లింక్. 1998లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ గూగుల్‌ను మొదలుపెట్టింది ఈ ఆలోచన మీదే. ఒక పేజీకి ఎవరెవరు లింకు ఇచ్చారు, ఇచ్చినవాళ్లకు ఎంత పేరుంది అని చూసి ఆ పేజీకి విలువ కట్టారు. ఆ లెక్కకు పేజ్‌ర్యాంక్ అని పేరు పెట్టారు. ఇవాళ గూగుల్ చూసే ఎన్నో విషయాల్లో లింకులు ఒకటి మాత్రమే. అయినా వాటికి ఇంకా విలువ ఉంది. ఉంది కాబట్టే లింకులు అమ్మేవాళ్లూ ఉన్నారు.

ఏ లింకును స్పామ్ లింకు అంటారు?

కేవలం ర్యాంకు పెంచుకోవడానికి పెట్టిన లింకు స్పామ్ లింకు. గూగుల్ నియమాల్లో అసలు విషయం ఇదే. లింకు ఇచ్చిన సైటు పాతదా, డిజైన్ బాగాలేదా, దాన్ని ఎవరూ చదవరా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. ఎక్కడో విదేశంలో నడిచే ఒక సైటు. పైన రమ్మీ యాప్ ప్రకటన. కింద ఇంట్లో మొక్కలు పెంచడం గురించి ఒక వ్యాసం. మూడో పేరాలో ఉన్నట్టుండి 'బెస్ట్ ప్యాకర్స్ అండ్ మూవర్స్ ఇన్ మారతహళ్లి' అన్న మాటల మీద ఒక లింకు. తర్వాతి వాక్యంలోనే ఎవరిదో వీసా కంపెనీకి ఇంకో లింకు. మొక్కల గురించి చదువుతున్నవాడికి మారతహళ్లిలో సామాన్ల లారీతో పనేమిటి? మీకు వచ్చిన ఈ సందేహం గూగుల్‌కూ వస్తుంది.

ఇలా డబ్బిచ్చి వ్యాసాల్లో దూర్చినవి, ఒకే మనిషి పదుల సైట్లు పెట్టి ఒకదాని నుంచి ఇంకోదానికి తిప్పే నెట్‌వర్కులు, సాఫ్ట్‌వేర్‌తో కామెంట్లలో వేసినవి, ఎవరూ వాడని డైరెక్టరీల్లో వందలకొద్దీ ఎంట్రీలు, 'నువ్వు నాకివ్వు, నేను నీకిస్తా' అని పెద్ద ఎత్తున మార్చుకున్నవి, అన్నీ స్పామ్ లింకుల కిందికే వస్తాయి.

మేం ఎవరినీ అడగలేదు, ఎవరికీ డబ్బివ్వలేదు. అయినా వందల చెత్త సైట్ల నుంచి లింకులు కనిపిస్తున్నాయి. మా ర్యాంకు పడిపోతుందా?

దాదాపు ఎప్పుడూ పడిపోదు. టెన్షన్ పడకండి. అందరూ ఎక్కువగా అడిగేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

నాలుగేళ్లు నడిచిన ఏ సైటుకైనా ఇలాంటి లింకులు ఉంటాయి. వాల్‌పేపర్ సైట్లు మీ ఫొటోలను ఎత్తుకెళ్లి లింకు పెడతాయి. డొమైన్ పేర్లను జాబితాలుగా వేసే సైట్లు మీ పేరు వేసుకుంటాయి. కొన్ని సైట్లు మీ పేజీని మొత్తం కాపీ కొడతాయి, అందులో ఉన్న మీ సొంత లింకులూ వాటితోపాటే వెళ్తాయి. మీ షాపు పేరు రాసిన కాగితాలు ఎవరో ఊరవతల గోడలకు అంటించారని మీ ట్రేడ్ లైసెన్సు రద్దు చేయరు కదా, ఇదీ అంతే.

ఈ భయానికి కారణం పాత చరిత్ర. 2012 ఏప్రిల్‌లో గూగుల్ పెంగ్విన్ అనే అప్‌డేట్ తెచ్చింది. కృత్రిమ లింకులు ఉన్న సైట్లను అది కిందికి తోసేసింది. ఒకసారి దెబ్బ తగిలితే, సైటు శుభ్రం చేసుకున్నా పెంగ్విన్ మళ్లీ నడిచేదాకా ఆగాల్సిందే. 2014 అక్టోబరులో నడిచిన పెంగ్విన్ తర్వాతిది 2016 సెప్టెంబరులో గానీ రాలేదు. మధ్యలో దాదాపు రెండేళ్లు ఎదురుచూసిన వ్యాపారాలు ఉన్నాయి. ఆ రోజుల్లో లింకులంటే వణికిపోవడంలో అర్థం ఉంది.

2016 సెప్టెంబరులో పద్ధతి మారింది. పెంగ్విన్ గూగుల్ ముఖ్య వ్యవస్థలో కలిసిపోయి ఎప్పటికప్పుడు పనిచేయడం మొదలుపెట్టింది. చెత్త లింకు ఉందని సైటును శిక్షించడం మాని, ఆ లింకుకు విలువ లేకుండా చేసే దారి పట్టింది. 2022 డిసెంబరు నుంచి స్పామ్‌బ్రెయిన్ అనే ఏఐ వ్యవస్థను కూడా లింకుల మీద పెట్టింది. లింకులు కొనే సైట్లను, అమ్మడానికే పుట్టిన సైట్లను అది పట్టుకుంటుంది. కాబట్టి మీరు అడక్కుండా వచ్చిన చెత్త సున్నా కిందే లెక్క. దాంతో మీకు లాభమూ లేదు, నష్టమూ లేదు.

మరి స్పామ్ లింకులతో నష్టపోయేది ఎవరు?

కొన్నవాళ్లు. వాళ్లు స్వయంగా కొని ఉండొచ్చు, వాళ్ల తరఫున ఏజెన్సీ కొని ఉండొచ్చు. మనవాళ్లలో చాలామందిది రెండో కేసు. నెలనెలా 'ఎస్ఈఓ ప్యాకేజీ' (సైటును గూగుల్లో పైకి తెచ్చే పని) అని కట్టారు, నెలాఖరుకు 200 లింకుల ఎక్సెల్ షీట్ వచ్చింది, ఏదో పని జరుగుతోందిలే అనుకున్నారు.

నష్టం రెండు రకాలుగా వస్తుంది. మొదటిది మాన్యువల్ యాక్షన్. గూగుల్ ఉద్యోగి మీ సైటును చూసి, నియమాలు దాటారని నిర్ణయించి కిందికి దించడమో, పూర్తిగా తీసేయడమో చేస్తారు. దీని గురించి మీకు నోటీసు వస్తుంది. రెండోది చప్పుడు లేకుండా జరుగుతుంది. ఇన్నాళ్లూ ఆ కొన్న లింకుల బలంతో పైన ఉన్నారు, గూగుల్ వాటిని లెక్కలోంచి తీసేసింది, మీరు దిగిపోయారు. దీనికి నోటీసు ఉండదు. బయటికి 'పెనాల్టీ పడింది' అన్నట్టే కనిపిస్తుంది కానీ అది శిక్ష కాదు, అరువు తెచ్చుకున్న బలం పోయింది.

పెద్ద కంపెనీలకూ ఇది తప్పలేదు. 2011 ఫిబ్రవరిలో అమెరికాలోని జేసీ పెన్నీ దుకాణాల సంగతిని న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. పండగ సీజన్‌లో 'డ్రెసెస్', 'బెడ్డింగ్' లాంటి మాటలకు ఆ సైటు గూగుల్లో అందరికంటే పైన ఉంది. వెనక చూస్తే సంబంధం లేని సైట్లలో డబ్బిచ్చి పెట్టించిన లింకులు వేలల్లో ఉన్నాయి. గూగుల్ చర్య తీసుకోగానే ఆ సైటు పేజీలకు పేజీలు కిందికి పోయింది. తమకు తెలియదని చెప్పిన కంపెనీ తన ఎస్ఈఓ సంస్థను తీసేసింది. 2012 జనవరిలో అయితే, ఒక ప్రచారంలో డబ్బు తీసుకున్న లింకు బయటపడేసరికి గూగుల్ తన సొంత క్రోమ్ పేజీనే ర్యాంకుల్లో దించుకుంది.

మా సైటు మీద చర్య తీసుకున్నారో లేదో ఎక్కడ చూడాలి?

గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో. సైటు గూగుల్లో ఎలా ఉందో యజమానికి చూపించే గూగుల్ టూల్ ఇది, ఉచితం. ఎడమవైపు మెనూలో 'సెక్యూరిటీ అండ్ మాన్యువల్ యాక్షన్స్' కింద 'మాన్యువల్ యాక్షన్స్' నొక్కండి. ఆకుపచ్చ టిక్ పక్కన 'నో ఇష్యూస్ డిటెక్టెడ్' అని ఉంటే మీ మీద ఏ చర్యా లేదు. 'అన్‌నేచురల్ లింక్స్ టు యువర్ సైట్' అని ఉంటే, నేను కింద మాన్యువల్ యాక్షన్ గురించి రాసిన జవాబులు మీకోసమే.

ఈ ఒక్క పేజీ చూడకుండా "మీకు పెనాల్టీ పడింది" అని ఎవరు చెప్పినా నమ్మకండి. స్క్రీన్‌షాట్ అడగండి. ఇంకా మంచిది, మీ అకౌంటులోకి వెళ్లి మీరే చూసుకోండి.

అక్కడ ఏమీ లేదు. కానీ ట్రాఫిక్ మాత్రం సగానికి సగం పడిపోయింది. ఇది లింకుల వల్లే కదా?

నేను చూసిన కేసుల్లో చాలావరకు కాదు. లింకుల జోలికి వెళ్లేముందు సెర్చ్ కన్సోల్‌లోని 'పర్ఫార్మెన్స్' రిపోర్టు తెరవండి. అందులో 16 నెలల లెక్క దొరుకుతుంది. పడిపోయిన నెలను పోయిన ఏడాది అదే నెలతో పోల్చండి. ఇంప్రెషన్లు (గూగుల్ ఫలితాల్లో మీ సైటు ఎన్నిసార్లు కనిపించింది), క్లిక్కులు, పొజిషన్ (ఎన్నో స్థానంలో కనిపించింది) మూడూ విడివిడిగా చూడండి.

పొజిషన్ అలాగే ఉండి ఇంప్రెషన్లు మాత్రం తగ్గితే వెతికేవాళ్లే తగ్గారని అర్థం. పీజీ వ్యాపారంలో ఇది మామూలే. కాలేజీలు తెరిచే రోజుల్లో, కంపెనీల్లో జాయినింగులు ఉన్నప్పుడు వెతుకుతారు, తర్వాత తగ్గుతారు. పొజిషన్ కదలకుండా క్లిక్కులే తగ్గితే పైన ప్రకటనో, మ్యాపో, ఏఐ జవాబో వచ్చి చేరి ఉంటుంది. ఒకే రోజు అన్ని పేజీలూ పడిపోతే టెక్నికల్ తప్పును అనుమానించాలి. రెండు మూడు వారాల్లో మెల్లగా జారితే, ఆ సమయంలో గూగుల్ కోర్ అప్‌డేట్ (ర్యాంకులు లెక్కకట్టే పద్ధతిలో గూగుల్ చేసే పెద్ద మార్పు) ఏదైనా నడిచిందేమో చూడాలి. వాటి తేదీలను గూగుల్ తన సెర్చ్ స్టేటస్ డ్యాష్‌బోర్డులో పెడుతుంది.

మారతహళ్లిలో పీజీ నడిపే ఒకాయన సంగతి చెబుతాను. కొత్త డిజైన్ వేయించిన వారం నుంచి ఫోన్లు ఆగిపోయాయి. పోటీ పీజీవాళ్లు చెత్త లింకులు పెట్టారని, వాటిని తీయడానికి ఇంత అవుతుందని ఒకరు కొటేషన్ కూడా ఇచ్చారు. చూస్తే వర్డ్‌ప్రెస్ సెట్టింగుల్లో, 'రీడింగ్' కింద, సెర్చ్ ఇంజన్లు ఈ సైటును ఇండెక్స్ చేయవద్దని (తమ జాబితాలోకి తీసుకోవద్దని) చెప్పే గడిలో టిక్ ఉంది. కొత్త సైటు తయారవుతున్నప్పుడు డెవలపర్ పెట్టిన టిక్ అది. సైటు బయటికి వచ్చాక తీయలేదు. టిక్ తీసి, ముఖ్యమైన పేజీలను సెర్చ్ కన్సోల్‌లోని యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్ (ఒక్కో పేజీ అడ్రస్ వేసి చూసే చోటు) నుంచి మళ్లీ పంపితే పేజీలు ఒక్కొక్కటిగా వెనక్కి వచ్చాయి. ఆ కొటేషన్‌కు డబ్బు కట్టి ఉంటే లింకుల ఫైలు తయారయ్యేది, టిక్ మాత్రం అక్కడే ఉండేది.

సైటు పేజీల అడ్రసులు మార్చి, పాతవాటి నుంచి కొత్తవాటికి 301 రీడైరెక్టు (పాత అడ్రసుకు వచ్చినవాళ్లను కొత్తదానికి పంపే ఏర్పాటు) పెట్టకపోవడం కూడా ఇంతే తరచుగా కనిపిస్తుంది.

ఏజెన్సీవాళ్లు చూపించిన రిపోర్టులో 'టాక్సిక్' లింకులు 60 శాతం అని ఎర్రగా ఉంది. అది అబద్ధమా?

అబద్ధమని అనను. అది ఆ టూల్ వేసుకున్న సొంత అంచనా. సెమ్‌రష్‌లో టాక్సిక్ స్కోరు, మోజ్‌లో స్పామ్ స్కోరు, ఇలా ఎవరి లెక్క వాళ్లది. గూగుల్ ఏ లింకుకూ టాక్సిక్ అన్న ముద్ర వేయదు, ఆ స్కోర్లను వాడదు. గూగుల్ తరఫున సైట్ల యజమానులతో మాట్లాడే జాన్ మ్యూలర్ కూడా, చాలా సైట్లకు డిసవౌ (ఫలానా లింకులను లెక్కలో వేయొద్దని గూగుల్‌కు చెప్పడం) అవసరమే లేదని ఏళ్లుగా చెబుతూ వస్తున్నారు.

టూల్ రిపోర్టు ఎక్కడ చూడాలో చెబుతుంది. ఏం చేయాలో నిర్ణయించాల్సింది మనిషి. అలాంటి రిపోర్టుల్లో తెలుగు సంఘం ఉగాది కార్యక్రమం పేజీ, గుంటూరు మిర్చి సప్లయర్ సైటు, ఎవరో ఇష్టంగా రాసుకున్న భోజనాల బ్లాగు ఎర్ర రంగులో కనిపించడం చూశాను. చిన్న సైట్లు, తక్కువ లింకులున్న సైట్లు, పాత డిజైన్, అంతే కారణం. కానీ మీకు అసలైన లింకులు అవే.

లింకులను మేమే చూసుకోవచ్చా? ఎలా ఏరాలి?

చూసుకోవచ్చు. సెర్చ్ కన్సోల్ మెనూలో 'లింక్స్' నొక్కండి. ఎక్కువ లింకులిచ్చిన సైట్లు, ఏ మాటల మీద లింకు ఉంది అన్న జాబితా, రెండూ అక్కడే ఉంటాయి. పైన కుడివైపు 'ఎక్స్‌పోర్ట్ ఎక్స్‌టర్నల్ లింక్స్' నుంచి షీట్ దించుకోండి.

ముందు మాటల జాబితా చూడండి. మామూలుగా పెరిగిన సైటుకు ఎక్కువ లింకులు షాపు పేరు మీద, వెబ్ అడ్రస్ మీద, 'ఇక్కడ చూడండి' లాంటి మాటల మీద ఉంటాయి. పైవరసంతా 'బెస్ట్ ఆంధ్రా పికిల్స్ ఆన్‌లైన్ బెంగళూరు', 'చీప్ పీజీ నియర్ మారతహళ్లి' అని ఉంటే అవి ఎవరో కూర్చుని పెట్టించినవి. జనం తమంతట తాము అలా రాయరు.

తర్వాత ఒక్కో సైటు దగ్గర ఒక్కటే ప్రశ్న వేసుకోండి: ఈ లింకు ఇక్కడికి రావడానికి మా తరఫున ఎవరైనా డబ్బో సరుకో ఇచ్చారా? పాత ఏజెన్సీ పంపిన ఎక్సెల్ షీట్లు మెయిల్లో ఉంటే వెతికి తీయండి. వాటికి మించిన సాక్ష్యం లేదు. అందులో ఉన్న సైట్లన్నీ మొదటి వరుసలో పెట్టండి.

మా సైటుకు జపనీస్ అక్షరాలతో, మందుల పేర్లతో లింకులు వస్తున్నాయి. ఇదేమిటి?

దీన్ని మాత్రం ఈరోజే చూడాలి. ఇది లింకుల సమస్య కాకపోవచ్చు, మీ సైటు హ్యాక్ అయి ఉండొచ్చు. హ్యాకర్లు మీ సైటులో మీకు తెలియకుండా వేల పేజీలు పుట్టించి, వాటిని పైకి తేవడానికి ఇతర హ్యాకైన సైట్ల నుంచి లింకులిస్తారు. మీకు బయట కనిపించేది ఆ లింకులే.

సెర్చ్ కన్సోల్‌లో ఆ లింకులు మీ సైటులో ఏ పేజీకి వస్తున్నాయో చూడండి. మీరు ఎప్పుడూ పెట్టని అడ్రసులుంటే అనుమానం నిజమే. ఆ పేజీని మామూలుగా తెరిస్తే ఏమీ కనిపించకపోవచ్చు, ఎందుకంటే కొన్ని గూగుల్‌కు మాత్రమే కనిపించేలా పెడతారు. యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో ఆ అడ్రస్ వేస్తే గూగుల్ ఏం చూస్తోందో తెలుస్తుంది. 'సెక్యూరిటీ ఇష్యూస్' పేజీ కూడా చూడండి. సెర్చ్ కన్సోల్ యూజర్ల జాబితాలో తెలియని మెయిల్ ఐడీ ఓనరుగా ఉందా అని తప్పకుండా చూడండి, హ్యాకర్లు తమను తాము ఓనరుగా చేర్చుకోవడం మామూలే.

మంచి బ్యాకప్‌కు వెళ్లడం, వర్డ్‌ప్రెస్, ప్లగిన్లు అప్‌డేట్ చేయడం, పాస్‌వర్డులన్నీ మార్చడం, ఫ్రీగా దొరికిందని ఎక్కించిన పైరసీ థీము తీసేయడం, ఇవన్నీ చేయించండి. దొంగ పేజీలు 404 గానీ 410 గానీ ('ఈ పేజీ లేదు' అని చెప్పే కోడ్‌లు) చూపించాలి. లేని పేజీకి వచ్చే లింకును గూగుల్ లెక్కపెట్టదు, కాబట్టి ఆ లింకుల కోసం విడిగా ఏమీ చేయక్కర్లేదు.

మాన్యువల్ యాక్షన్ నిజంగానే పడింది. మొదట ఏం చేయాలి?

మీరు కొన్న లింకులను మీరే తీయించాలి. ఆ సైటులో కాంటాక్ట్ మెయిల్ వెతికి, ఏ పేజీలో ఏ లింకో చూపిస్తూ, తీసేయమనో నోఫాలో (ఈ లింకును ర్యాంకు లెక్కలో వేయొద్దని గూగుల్‌కు చెప్పే గుర్తు) పెట్టమనో రెండు మర్యాదైన వాక్యాలు రాయండి. పాత ఏజెన్సీ పెట్టించినవైతే వాళ్లనే తీయించమని అడగండి. చాలామంది జవాబివ్వరు. కొందరు తీయడానికి డబ్బడుగుతారు, ఇవ్వకండి. ఎవరికి ఏ తేదీన రాశారు, ఏం జవాబు వచ్చింది అన్నది షీటులో రాసుకుంటూ పోండి. అది తర్వాత పనికొస్తుంది. తీయించలేకపోయినవాటికే డిసవౌ.

డిసవౌ ఫైలు ఎలా తయారుచేయాలి?

'ఈ లింకులను మా లెక్కలో వేయొద్దు' అని గూగుల్‌కు చెప్పే పద్ధతి ఇది. 2012 అక్టోబరు నుంచి ఉంది. గూగుల్ చెప్పేదీ ఇదే: లింకుల మీద మాన్యువల్ యాక్షన్ పడినా, కొన్న లింకులు చాలా ఉండి పడేలా ఉన్నా మాత్రమే వాడండి. మిగతావాళ్లు దీని జోలికి వెళ్లకపోవడమే మేలు. మంచి లింకు ఒకటి ఈ ఫైల్లోకి పోతే, ఉన్న ర్యాంకును మీ చేతులతో మీరే తీసేసుకున్నట్టు.

నోట్‌ప్యాడ్ తెరిచి మామూలు టెక్స్ట్ ఫైలు చేయండి. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు పనికిరావు. వరుసకు ఒకటే ఎంట్రీ. ఒక పేజీని మాత్రమే వద్దనాలంటే దాని పూర్తి అడ్రస్ రాయండి. సైటు మొత్తాన్ని వద్దనాలంటే ఇంగ్లీషులో డొమైన్ అన్న మాట, పక్కనే కోలన్, ఖాళీ వదలకుండా సైటు పేరు రాయండి. డబ్బు తీసుకుని లింకులు పెట్టే సైట్లకు ఈ రెండో పద్ధతే నయం, ఎందుకంటే వాళ్లు ఒకే లింకును ఐదారు పేజీల్లో తిప్పుతారు. హ్యాష్ గుర్తుతో మొదలయ్యే వరుసను గూగుల్ చదవదు, మీ గుర్తు కోసం తేదీలు, కారణాలు అలా రాసుకోవచ్చు. ఫైలు యూటీఎఫ్-8లో గానీ ఆస్కీలో గానీ ఉండాలి, 2 ఎంబీ, లక్ష వరుసలు దాటకూడదు.

డిసవౌ పేజీ సెర్చ్ కన్సోల్ మెనూలో కనిపించదు. తెలియనివాళ్లు పొరపాటున నొక్కకుండా విడిగా పెట్టారు. గూగుల్ సహాయం పేజీలోని లింకు నుంచి వెళ్లాలి. మీరు ఓనరుగా ఉండాలి. సెర్చ్ కన్సోల్‌లో మీ సైటును డొమైన్ ప్రాపర్టీగా (https లేకుండా వట్టి సైటు పేరుతో) చేర్చి ఉంటే అక్కడ పనిచేయదు, పూర్తి అడ్రసుతో యూఆర్ఎల్ ప్రిఫిక్స్ ప్రాపర్టీ చేర్చుకోవాలి.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే: కొత్త ఫైలు ఎక్కిస్తే పాతది పోతుంది, దాని పక్కన చేరదు. కాబట్టి పాత ఫైలు దించుకుని, దానికే కొత్త వరుసలు కలిపి ఎక్కించండి. ఫలితానికి కొన్ని వారాలు పడుతుంది, ఆ పేజీలను గూగుల్ మళ్లీ చూసినప్పుడే లెక్క మారుతుంది. డిసవౌ చేసినా ఆ లింకులు 'లింక్స్' రిపోర్టులో కనిపిస్తూనే ఉంటాయి. ఫైలు పనిచేయలేదేమో అని కంగారుపడి మళ్లీ మళ్లీ ఎక్కించకండి.

వేరేవాళ్లు వేసిన డిసవౌ ఫైలు ఉంది. తీసేయొచ్చా?

ముందు దించుకుని చదవండి. అందులో మంచి సైట్లుంటే ఆ వరుసలు తీసి మళ్లీ ఎక్కించండి. మీరు ఎప్పుడూ లింకులు కొనకపోయి ఉంటే, ఫైలంతా టూల్ ఇచ్చిన జాబితానే అయితే, పూర్తిగా రద్దు చేసుకోవచ్చు.

చర్య ఎత్తేయమని గూగుల్‌ను అడిగే రీకన్సిడరేషన్ రిక్వెస్టులో ఏం రాయాలి?

మాన్యువల్ యాక్షన్ పేజీలోనే 'రిక్వెస్ట్ రివ్యూ' ఉంటుంది. అది చదివేది మనిషి. మూడు సంగతులు చెప్పాలి: జరిగిందేమిటి, దాన్ని సరిచేయడానికి ఏం చేశారు, ఫలితం ఏమిటి. 'ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు ఒక ఏజెన్సీ ద్వారా లింకులు కొన్నాం, ఆపేశాం, ఇన్ని తీయించాం, మిగిలినవి డిసవౌ చేశాం, రాసిన మెయిళ్ల షీటు ఇదిగో' అని సూటిగా రాయండి. ఆ షీటును గూగుల్ షీట్స్‌లో పెట్టి లింకు ఇవ్వండి, చూసే అనుమతి తెరిచి ఉంచండి.

'మాకేమీ తెలియదు, పోటీవాళ్ల పని' అని రాసి, లింకులను అలాగే వదిలేస్తే తిప్పి పంపుతారు. ఒక్కటి కూడా తీయించకుండా అంతా డిసవౌలో పడేసినా అంతే, ప్రయత్నం కనిపించాలి. జవాబుకు రోజులు పట్టొచ్చు, వారాలూ పట్టొచ్చు. లింకుల కేసుల్లో ఇంకొంచెం ఎక్కువే. మొదటిదానికి జవాబు రాకముందే ఇంకోటి పంపకండి.

చర్య ఎత్తేశారు. కానీ పాత ర్యాంకు రాలేదు. ఎందుకు?

పాత ర్యాంకులో కొంత ఆ కొన్న లింకులదే కాబట్టి. అవి పోయాక మీ సైటు తన సొంత బలంతో ఎక్కడ ఉండాలో అక్కడ ఉంటుంది. ఈ మాట చెప్పడం నాకూ కష్టంగానే ఉంటుంది, ముఖ్యంగా ఆ ఆర్డర్ల మీదే కిచెన్ అద్దె, ఇద్దరు ముగ్గురు మనుషుల జీతాలు నడుస్తున్నప్పుడు. అందుకే శుభ్రం చేసే పనితోపాటే వాట్సాప్ ఆర్డర్లు, పాత కస్టమర్లకు ఫోన్లు, మ్యాప్స్ ప్రొఫైల్, వీటిని ముందు గట్టి చేసుకోమంటాను.

'డబ్బు పంపకపోతే మీ సైటుకు లక్ష చెత్త లింకులు పెడతాం' అని మెయిల్ వచ్చింది.

జవాబివ్వకండి, డబ్బు పంపకండి. మెయిల్ తీసేయకుండా దాచండి. జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు చేయండి. డబ్బు ఇప్పటికే పంపేసి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. వాళ్లు నిజంగా లింకులు పెట్టినా, మూడో ప్రశ్నకు చెప్పిన జవాబే దీనికీ.

జస్ట్‌డయల్, సులేఖ లిస్టింగులు, పేపర్లో డబ్బిచ్చి వేయించిన వ్యాసం, ఇవి కూడా స్పామేనా?

జస్ట్‌డయల్, సులేఖల్లో జనం నిజంగా వెతుకుతారు, ఫోన్లు వస్తాయి. అవి ఉండాల్సిందే. డబ్బిచ్చి వేయించిన వ్యాసం కూడా ప్రకటనగా తప్పు కాదు. అందులోని లింకుకు 'స్పాన్సర్డ్' అనో 'నోఫాలో' అనో గుర్తు పెట్టించాలి, అంతే. నోఫాలో 2005 నుంచి ఉంది. స్పాన్సర్డ్, కామెంట్ల కోసం యూజీసీ (యూజర్ జనరేటెడ్ కంటెంట్, అంటే వాడేవాళ్లు రాసినది) అన్న గుర్తులు 2019లో వచ్చాయి. గుర్తు పెట్టడానికి ఒప్పుకోకుండా 'ర్యాంకు పెంచే లింకే ఇస్తాం' అని రేటు చెప్పే సైటు అయితే దూరంగా ఉండండి.

మా సైటు కామెంట్లలో ఎవరెవరో లింకులు పెట్టి పోతున్నారు.

అవి మీ సైటు నుంచి బయటికి వెళ్లే లింకులు, వేరే సమస్య. మీరు చూసి అనుమతించాకే కామెంట్ కనిపించేలా పెట్టండి. కామెంట్లు ఎవరూ రాయని సైటైతే మూసేయండి.

గూగుల్ మ్యాప్స్‌లో వెనక్కి పోయాం. అదీ లింకుల వల్లేనా?

మ్యాప్స్‌లో గూగుల్ ముఖ్యంగా చూసేవి మూడు: వెతికినదానికి మీ వ్యాపారం ఎంత సరిపోతుంది, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరుంది. మున్నెకొళాలలో నిలబడి వెతికినవాడికి వైట్‌ఫీల్డ్ మెస్సు కిందే వస్తుంది. ముందు కేటగిరీ, టైమింగులు, అడ్రస్, రివ్యూలకు మీ జవాబులు చూసుకోండి.

పాత డొమైన్ ఒకటి అమ్మకానికి ఉంది, దానికి చాలా లింకులున్నాయట. కొంటే లాభమా?

ఆ లింకుల కోసమే అయితే వద్దు. గడువు తీరిన డొమైన్లను పాత పేరు కోసం కొని వేరే పనికి వాడటాన్ని 2024 మార్చిలో గూగుల్ స్పామ్ నియమాల్లో చేర్చింది. పేరు నచ్చి కొంటుంటే మాత్రం వేబ్యాక్ మెషీన్‌లో (సైట్ల పాత రూపాలను దాచి చూపించే సైటు) ఆ సైటులో ఇంతకుముందు ఏముండేదో చూడండి. కొన్నాక సెర్చ్ కన్సోల్‌లో చేర్చి మాన్యువల్ యాక్షన్స్ చూడండి, పాత ఓనరు మీద తీసుకున్న చర్య డొమైన్‌తోపాటే మీకు వస్తుంది.

బింగ్‌లో కూడా డిసవౌ చేయాలా?

అక్కర్లేదు. బింగ్ 2023లో ఆ టూల్‌నే తీసేసింది.

'5 వేలకు 500 లింకులు' అంటున్నారు, ఇంకొకరు నెలకు 25 వేలు అంటున్నారు. ఎవరిని నమ్మాలి?

రేటును బట్టి చెప్పలేం. ఏ సైట్లలో లింకులు వస్తాయో ముందుగా పేర్లు చెప్పమనండి. ఆ సైట్లకు డబ్బు కడుతున్నారా అని సూటిగా అడగండి. 'అది మా సీక్రెట్' అన్నారంటే కొనే లింకులే. లింకుల సంఖ్య మీద ప్యాకేజీ అమ్మేవాళ్లను నేనైతే పెట్టుకోను. మీ సైటు చదివి, మీ కస్టమర్ ఏం వెతుకుతాడో అడిగి, ఏ పేజీ రాయాలో చెప్పేవాళ్లు దొరికితే ఆ డబ్బు వాళ్లకివ్వండి.

ఈ ఊళ్లో మనకు అసలైన లింకులు రావడానికి దారులున్నాయి. తెలుగు సంఘం వేడుకకు భోజనాలు మీవైతే వాళ్ల సైటులో మీ పేరు అడగండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పేజీలో వంటవాళ్ల జాబితా ఉంటుంది. పీజీవాళ్లయితే ఏ టెక్‌పార్కుకు ఏ బస్సు, ఎంత దూరం, భోజనం టైమింగులు, డిపాజిట్ ఎంత, ఖాళీ చేస్తే ఎంత తిరిగిస్తారు అన్నది పూర్తిగా రాయండి. కొత్తగా ఊరికొచ్చే పిల్లలు అలాంటి పేజీనే ఒకరికొకరు పంపుకుంటారు.

ఎవరిని పెట్టుకున్నా సెర్చ్ కన్సోల్, డొమైన్, హోస్టింగ్ మూడూ మీ మెయిల్ మీదే ఉండాలి. సెర్చ్ కన్సోల్‌లో మీరు ఓనరు, ఏజెన్సీ 'ఫుల్ యూజర్' అయితే చాలు. డిసవౌ ఫైలు ఎక్కించే హక్కు ఓనరుకే ఉంటుంది కాబట్టి మీకు తెలియకుండా ఎవరూ దాన్ని ముట్టుకోలేరు. ఒప్పందం ముగిసిన రోజునే 'యూజర్స్ అండ్ పర్మిషన్స్'లోకి వెళ్లి వాళ్ల మెయిల్ తీసేయండి. వాళ్లు పెట్టించిన లింకుల షీట్లన్నీ ఆఖరి బిల్లు కట్టే ముందే తీసుకుని దాచుకోండి.